గడప దగ్గర మింగిన మాట

పన్నెండేళ్లుగా నా పని ఏమిటంటే పిల్లల్ని కిందికి దించడం. గోడ మీది నుంచి, జామచెట్టు మీది నుంచి, నీళ్ల ట్యాంకుకు వేసిన ఇనప నిచ్చెన మీది నుంచి. బరంపురంలో మా బడి పెద్దదేమీ కాదు. కింద నాలుగు గదులు, పైన మూడు, వెనక కాస్త జాగా. ఆ జాగాలో ఎక్కడానికి వీలున్నవి ఆ మూడే. మూడింటి కిందా నేనే ఉంటాను. ఆయా అని పెట్టుకున్నారు గాని పిల్లలు నన్ను మౌసీ అంటారు. ఒడియాలో పిన్ని అన్నమాట. ఒడియా పిల్లలూ అంతే, తెలుగు పిల్లలూ అంతే.

అలాంటి నన్ను ఒకనాడు పెద్ద టీచరు పిలిచి, ఐదో తరగతి పిల్లల్ని గోపాల్‌పూర్ దారిలో ఉన్న ఒక ఆటల తోటకు తీసుకువెళ్తున్నాం, నువ్వూ రావాలి అన్నారు. అక్కడ ఏముంటుందని అడిగాను. తాళ్ల వంతెనలు, వేలాడే టైర్లు, ఎత్తుగా కట్టిన వలలు ఉంటాయి, పిల్లలు ఎక్కుతారు, దాటుతారు అన్నారు.

"ఎక్కడానికి బస్సేసుకోని ఎల్లాలేటమ్మా? ఈడ ఎక్కితే నాను దించుతున్నాను కదా," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "అందుకే తీసుకెళ్తున్నాం," అన్నారు.

ఆ మాట నాకు అర్థం కాలేదు. రెండు రోజులు గదులు ఊడుస్తూ దాని గురించే ఆలోచించాను. పిల్లలు పడకుండా చూడమని నన్ను పెట్టుకున్నారు. పడే వీలున్న చోటికి ఇప్పుడు వాళ్లే తీసుకుపోతామంటున్నారు. ఆ తోట ఎలా ఉంటుందో చూడాలని పిల్లల కంటే నాకే ఎక్కువ తహతహ పుట్టింది.

నాకు చదువు లేదు. సంతకం వచ్చు, బస్సు మీద అంకెలు వచ్చు. ఇది కూడా నేను చెబుతుంటే మా పై వాటాలో ఉండే అమ్మాయి రాస్తోంది. నా యాస ఆమె కలంలో కొంత సర్దుకుంటోంది. అయితే ఒకసారి విన్నది మాత్రం నా దగ్గర పోదు. మా ఆయన బట్టల గోదాములో బేళ్లు మోసేవాడు. ఏ బేలు ఏ దుకాణానికో యజమాని రాత్రి చెప్పి పంపితే తెల్లారేసరికి ఆయనకు గుర్తుండేది కాదు. రాత్రి ఇంటికి రాగానే నాకు చెప్పేవాడు, పొద్దున్న నేను అప్పజెప్పి పంపేదాన్ని.

ప్రయాణం పనులు క్లాసు టీచరమ్మ చూసింది. పాతికేళ్ల పిల్ల, నన్ను పిన్నీ అంటుంది. ముందు గురువారం అనుకుంది. మార్గశిర గురువారం ఏ ఇంట్లోనూ పంపరమ్మా అన్నాను. ఆ రోజు ఒడియా ఇళ్లలోనూ తెలుగిళ్లలోనూ లక్ష్మీపూజ, పిల్లలు కూడా తలంట్లు పోసుకుని ఇంట్లోనే ఉండాలి. బుధవారానికి మార్చింది. పరికిణీలు వద్దు, గాజులు వద్దు, కొత్త బూట్లు వద్దు అంది. ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకోవచ్చంది గాని, ఒకరి డబ్బాలో ఇంకొకరు చెయ్యి పెడితే మజ్జిగన్నం ఎవరి బట్టల మీద తేలుతుందో నాకు తెలుసు. అందరికీ బడిలోనే పులిహోర కలుపుదామన్నాను. అదీ ఒప్పుకుంది.

ఆ తర్వాత కాగితం. పిల్లను పంపడం మాకిష్టమే అని ఇంట్లోవాళ్లు సంతకం పెట్టే కాగితం. ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు ఒడియా. మా వీధుల్లో తెలుగిళ్ల మగవాళ్లు ఒడియా చదువుతారు, కానీ చదవకుండా సంతకం పెడతారు. అత్తలూ అమ్మలూ చాలామంది అది చదవలేరు. పిల్లల సంచుల్లో పంపితే సగం తిరిగి రావు. అందుకని నన్ను ఇంటింటికీ వెళ్లి నోటితో చెప్పి సంతకం పెట్టించుకు రమ్మన్నారు. టీచరమ్మ నాకు తెలుగులో ఒకసారి చదివి వినిపించింది. రోజు, బయలుదేరే వేళ, తిరిగొచ్చే వేళ, బట్టలు, తిండి, మందులేమైనా వాడుతుంటే చెప్పడం. ఆఖరున ఒక మాట. 'ఈ ఆటల్లో పిల్లలు పడవచ్చు, దెబ్బ తగలవచ్చు, ఎముక విరగనూ వచ్చు. అది తెలిసే పంపుతున్నాం.'

నేను వెంటనే మొత్తం అప్పజెప్పాను. ఒక్క ముక్క పోలేదు. టీచరమ్మ ఆశ్చర్యపోయింది.

ఐదో తరగతిలో ఇరవై ఎనిమిది మంది. పొద్దున్న బడి తెరవక ముందు ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాను. అప్పుడైతేనే మగవాళ్లు దొరుకుతారు. మొదటి ఇల్లు ఒక కిరాణా షాపు వాళ్లది. గడపకు పసుపు రాసి ఉంది, ముందు ముగ్గు ఇంకా తడిగా ఉంది. నేను ఒక పక్కకు నిలబడ్డాను. మా ఆయన పోయినప్పటి నుంచి ఎవరింటికైనా పొద్దున్నే వెళ్తే నేను గడపకు ఎదురుగా నిలబడను. నాకెవరూ అలా చెప్పలేదు. నాకు నేనే నేర్చుకున్నాను. అక్కడ నిలబడి రోజు చెప్పాను, వేళ చెప్పాను, పులిహోర చెప్పాను. ఆఖరి మాట దగ్గరికి వచ్చేసరికి నోరు రాలేదు. పొద్దున్నే, తడి ముగ్గు ముందు, నాలాంటి మనిషి, మీ పిల్లకు ఎముక విరగొచ్చు అని ఎలా అంటుంది? ఆ మాట మింగేశాను. సంతకం పెట్టి ఇచ్చారు.

రెండో ఇంట్లో చెబుదామనుకున్నాను. రెండో ఇంట్లో ఇల్లాలు దీపం పెడుతోంది. మూడో ఇంటి దుకాణంలో ఇంకా బోణీ కాలేదు. అలా నాలుగు రోజుల్లో ఇరవై ఎనిమిది సంతకాలూ వచ్చాయి, ఆఖరి మాట ఒక్క గడప దగ్గరా బయటికి రాలేదు. పెద్ద టీచరు కాగితాలు చూసి ఎప్పుడూ ఇంత తొందరగా రాలేదన్నారు. నేను చీపురు తీసుకుని వెళ్లిపోయాను.

ప్రయాణానికి వారం ముందు, అదీ బుధవారమే, టీచరమ్మా నేనూ ముందుగా ఆ చోటు చూసి రావడానికి ఆటోలో వెళ్లాం. జీడిమామిడి తోటలు దాటాక సరుగుడు తోపు. సముద్రం కనిపించదు, వినిపిస్తుంది. తోట నడిపేది పటాలంలో పనిచేసి వచ్చిన ఒక ఒడియా మనిషి. తెలుగు బాగానే వచ్చు. తాళ్లన్నీ ఆ పక్క పల్లెలో పడవల వాళ్లు వచ్చి కట్టారట. ముడులు చూస్తే తెలుస్తోంది. నేను ప్రతి ముడినీ పట్టుకుని లాగి చూశాను. ఆయన విసుక్కోలేదు.

"లాగండి మౌసీ. నేనూ రోజూ పొద్దున్న లాగుతాను," అన్నాడు.

వల కింద ఇసుక పోసి ఉంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని మోచేతి దాకా చెయ్యి లోపలికి దించి చూపించాడు. "రోజూ తవ్వుతాం. తవ్వకపోతే తొక్కి తొక్కి రాయి అయిపోద్ది. అప్పుడు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"బాబూ, ఎవలు ఎక్కువ పడతారు? మగపిల్లలా, ఆడపిల్లలా?" అని అడిగాను.

"కింద ఎవరైనా అరిస్తే వాళ్లు పడతారు," అన్నాడు. "తన కాలు చూసుకోవాల్సిన పిల్ల, అరిచినవాళ్ల మొహం చూస్తుంది. ఇక్కడ పెద్దవాళ్లకి ఒకటే పని మౌసీ. నోరు మూసుకోవడం."

ఇదెక్కడి చోద్యం అనుకున్నాను. పన్నెండేళ్లుగా అరుస్తున్నాను, ఎవరూ పడలేదు. పడలేదా? జామచెట్టు కింద ఇద్దరు పడ్డారు. గోడ దగ్గర ఒక పిల్లకు మోకాలు చీరుకుపోయింది. అప్పుడు నేను అరుస్తున్నానా లేదా అని గుర్తు చేసుకుంటూ ఆ వల వైపు చూస్తూ నిలబడ్డాను. సరే, చూస్తే ఏం తెలుస్తుంది, ఎక్కితే తెలుస్తుంది అనిపించింది. చెప్పులు విడిచి, చీర కచ్చ పోసి, ఎక్కాను.

తాడు పాదం కింద గుచ్చుకుంటుంది. మొదటి వరస, రెండో వరస. వల నాతోపాటే ఊగుతోంది. మూడో వరస దగ్గర నాకొక సంగతి తెలిసింది. కింద నుంచి చూసినప్పుడు చెయ్యి ముఖ్యం అనుకుంటాం గాని, కాదు, కాలు. కాలు కుదిరితే చెయ్యి దానంతటదే కుదురుతుంది. నాలుగో వరస మీద కాలు పెట్టాను. అప్పుడు టీచరమ్మ చూసింది.

"అయ్యో పిన్నీ, దిగు, దిగు!" అని అరిచింది.

నేను ఆమె మొహం చూశాను. చూడ్డం ఏమిటి, ఇసుకలో వెల్లకిలా ఉన్నాను.

మణికట్టు కాస్త బెణికింది. ఇంకేమీ కాలేదు. ఆ తోట ఆయన నన్ను లేపుతూ టీచరమ్మ వైపు చూశాడు. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను లేచి ఇసుక దులుపుకుంటుంటే ఆయన అడిగాడు.

"కాగితంలో ఆఖరి మాట అన్ని ఇళ్లకీ తెలుసు కదా? తెలియని ఇంటి పిల్లని నేను తాడు ముట్టనివ్వను."

"అన్ని సంతకాలూ అయ్యాయండీ. మా పిన్ని ఇంటింటికీ వెళ్లి నోటితో చెప్పింది," అంది టీచరమ్మ.

జాకెట్టు లోపల ఇసుక, నోట్లో ఇసుక. ఆటో సగం దారి వచ్చాక నా మణికట్టు వాచడం మొదలైంది. దాన్ని చూస్తూ చెప్పేశాను.

"ఆ మాట నాను సెప్పనేదమ్మా. ఏ ఇంటికాడా సెప్పనేదు."

ఆమె నా వైపు తిరిగింది. "ఎందుకు పిన్నీ?" అంది. చెప్పాను. ఆటోను తిన్నగా బడికే పోనిమ్మంది.

పెద్ద టీచరు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "మళ్లీ ఇరవై ఎనిమిది ఇళ్లకీ వెళ్లు. ఆ ఒక్క మాటా చెప్పు. ఏ ఇంట్లో వద్దన్నా ఆ పిల్లని ఒక్కదాన్నే వదిలి వెళ్లేది లేదు. తరగతి మొత్తం ఆగిపోతుంది," అన్నారు. మునుపొకసారి ఒక పిల్లను వదిలి మిగతావాళ్లంతా వెళ్లారు. ఆ రోజంతా ఆ పిల్ల గేటు పట్టుకుని నిలబడింది. పక్కన నేనూ ఉన్నాను. ఆవిడ ఎందుకలా అన్నారో నాకు తెలుసు.

అప్పటికి పిల్లలు రోజూ ఆ తోట గురించే మాట్లాడుకుంటున్నారు. పలక మీద వల బొమ్మ గీసి 'ఇలా ఉంటాదా మౌసీ' అని చూపిస్తున్నారు. నా నోరు రాకపోవడం వల్ల ఇరవై ఎనిమిది మందికీ అది పోతుందేమోనని నాకు అన్నం సహించలేదు.

ఈసారి భోజనాలయ్యాక, ఎండ వాలే వేళ వెళ్లాను. అప్పజెప్పడం మానేశాను. ఇంత ఎత్తు అని చెయ్యెత్తి చూపించాను. ఇంత ఇసుక అని మోచెయ్యి చూపించాను. పడితే ఇలా అవుతుంది అని మణికట్టు చూపించాను. ఇంతకంటే ఎక్కువ కూడా కావచ్చు, ఎముక విరగొచ్చు, అప్పుడు చెప్పనిది అదే అన్నాను.

బెల్లం హోల్‌సేలు చేసే ఒక తండ్రి దుకాణంలో లేచి నిలబడ్డాడు. "పడిపోతారా? నువ్వు సూశావా?"

"నానే పడ్డాను బాబూ."

"ఎప్పుడు, సిన్నప్పుడా?"

"మొన్న బుధవారం."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, పక్కనున్న గుమస్తాను చూసి, కూర్చుండిపోయాడు. "నువ్వు పడి నడిచొచ్చావంటే మావోడికేటవుద్ది. ఎల్లనీ," అన్నాడు.

బ్యాంకులో పనిచేసే ఒక తల్లి నవ్వింది. "నేను ఇంగ్లీషులో చదివే పెట్టాను సంతకం. నువ్వు ఆ మాట దాటేశావని అప్పుడే అనుకున్నాను. పాపం, ఎందుకులే అని ఊరుకున్నా," అంది. అంటే నా తప్పు నేను ఒప్పుకోక ముందే ఒకరికి తెలుసు.

ఒక ఇంటికి రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది. ఒక ఇంట్లో తాతగారు ఆ తాడు ఏ తాడు, కొబ్బరి పీచుదా నైలానుదా అని అరగంట అడిగాడు. ఆయనకు ముడులు కూడా వేసి చూపించాను. మంగళవారం మధ్యాహ్నానికి ఇరవై ఏడు ఇళ్లు అయ్యాయి. తెల్లారితే ప్రయాణం.

మిగిలింది బట్టల షాపు వాళ్ల ఇల్లు. మా ఆయన బేళ్లు మోసింది వాళ్ల గోదాములోనే. దాన్ని కావాలనే ఆఖరున పెట్టుకున్నాను. ఎందుకంటే ఆ ఇంటి పిల్లే నేను రోజూ గోడ మీది నుంచి దించే పిల్ల. మోకాలు చీరుకున్నదీ అదే.

పిల్ల తల్లి, ఆ ఇంటి కోడలమ్మ, నిలబడే విన్నది. వినగానే, "అయితే వద్దు. ఆడపిల్ల. సెయ్యో కాలో ఇరిగితే ఎవరిది బాధ్యత? ఆ కాగితం ఇలా ఇయ్యి, సంతకం కొట్టేస్తాను," అంది.

కాగితం సంచిలో నుంచి తీశాను. లోపలి గదిలో నుంచి ముసలమ్మగారు పిలిచింది. "ఏటే అది? లోపలికి రా."

వెళ్లి గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఆవిడ మంచం మీద పత్తి వత్తులు చేసుకుంటోంది.

"ఇదంతా ఇన్నాను. ఆ రోజే ఎందుకు సెప్పనేదే?"

"పొద్దున్న పూట అమ్మగారూ. తడి ముగ్గు. మీ గడప. నా నోరు."

ఆవిడ వత్తి చెయ్యడం ఆపింది. "నానూ పొద్దున్న ఆ గడపలోకి రాను. మా ముసలాయన పోయి ఎనిమిదేళ్లయింది. కొడుకు దుకాణానికి ఎల్లీదాకా ఈ గదిలోనే కూకుంటాను. ఎవులూ రావద్దన్లేదు."

కోడలమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. "నేనెప్పుడూ అనలేదత్తయ్యా," అంది మెల్లగా.

"అన్లేదనే సెప్తన్నాను. దీన్నీ ఎవులూ సెప్పొద్దన్లేదు. మేవిద్దరం మర్యాదలు సేసుకున్నాం, మజ్జిని ఆడగుంట ఏటీ తెలీకుండా ఎల్లీది." మళ్లీ వత్తి తీసుకుంది. "నాకు సెప్పేవు, దానికి సెప్పేవు. ఎక్కీది మేవా? ఎక్కీ గుంటకి సెప్పేవా?"

నేను ఏ పిల్లకూ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. కాగితం పెద్దవాళ్లదే కదా.

పిల్లను పిలిచారు. చేతిలో జామకాయతో వచ్చింది. నేను మొత్తం చెప్పాను. ఎత్తు, వల, ఇసుక, మణికట్టు, ఎముక. ఏమీ మింగలేదు. అది నమలడం ఆపి వింది.

"నువ్వు ఎన్నో వరసలో పడ్డావు?"

"నాలుగో దాంట్లో."

"మొత్తం ఎన్ని?"

"తొమ్మిది."

జామకాయ ఇంకోసారి కొరికింది. "నువ్వు కింద ఉంటావా?"

"ఉంటాను."

"అయితే నువ్వు అరవకూడదు మౌసీ. నువ్వు దిగు దిగు అంటేనే నా కాలు జారతాది. నిన్ను సూస్తాను కదా. ఆ రోజు గోడ మీద అలాగే అయింది."

ఆ తోట ఆయన చెప్పిన మాట నేను ఎవరికీ చెప్పలేదు. టీచరమ్మ కూడా చెప్పి ఉండదు. ఈ పిల్లకు అది ముందే తెలుసు, నన్ను ఎవరూ అడగమనలేదు కాబట్టి నేనే అడగలేదు. ముసలమ్మగారు నవ్వుతోంది. భుజాలు కదులుతున్నాయి గాని శబ్దం లేదు.

"పడితే?" అంది కోడలమ్మ.

"పడొచ్చని ఇప్పుడు తెలుసు కదమ్మా," అంది పిల్ల.

కోడలమ్మ నా ఎదురుగా కూర్చుని నా చెయ్యి తీసుకుంది. మణికట్టు నొక్కింది. నొప్పిగా ఉందా అంది. కొంచెం అన్నాను. ఇంకో చోట నొక్కింది. తర్వాత, "మొదట్నుంచీ ఇంకోసారి సెప్పు," అంది. చెప్పాను. బయలుదేరే వేళ నుంచి పులిహోర దాకా, పులిహోర నుంచి ఎముక దాకా. ఆవిడ కాగితం నా సంచిలో తనే తిరిగి పెట్టింది.

"ఆ సంతకం అలాగే ఉండనీ."

బుధవారం పొద్దున్న బస్సు బయలుదేరే ముందు నేను పిల్లల్ని జంటలుగా లెక్కపెట్టాను. పద్నాలుగు జంటలు. తోటలో ఎవరెక్కడ నిలబడాలో టీచరమ్మ ముందే చెప్పింది. ఆమె వంతెన దగ్గర, పెద్ద టీచరు టైర్ల దగ్గర, నేను వల దగ్గర. ఆ తోట ఆయన పిల్లలందరినీ కూర్చోబెట్టి ఇసుకలో చెయ్యి దించి చూపించాడు. పిల్లలంతా చేతులు దించారు. కొంతసేపు ఆటల సంగతే మరచిపోయి ఎవరి చెయ్యి ఎంత లోతు పోతుందో చూసుకున్నారు.

బట్టల షాపు పిల్ల వంతు వచ్చింది. నేను కొంగు రెండు మడతలు పెట్టి పళ్ల మధ్య పెట్టుకున్నాను. అది ఎక్కింది. నాలుగో వరస దాటింది. ఆరో వరస దగ్గర ఆగింది. వల ఊగుతోంది. ఒక కాలు గాలిలో వెతుకుతోంది. తాడు దాని మడమకు జానెడు దూరంలో ఉంది, నాకు కనిపిస్తోంది, దానికి కనిపించడం లేదు. ఎడమకి అని ఒక్క ముక్క చెబితే చాలు. కొంగు కొరికాను. అది నా వైపు చూడబోతోందని తెలిసి, నేనే ముందు దాని మొహం మీది నుంచి చూపు తీసేసి పాదం వైపు చూశాను. అది కూడా పాదం వైపే చూసింది.

తాడు దొరికింది. ఏడో వరస. ఎనిమిది. తొమ్మిదో దాని మీద చెయ్యి వేస్తుండగా జారింది.

ఇసుకలో కూర్చుని ఉంది. నేను కదల్లేదు, ఆ తోట ఆయన కూడా కదల్లేదు. ముందు చేతులు చూసుకుంది, ఒకటి, రెండు. కాళ్లు చూసుకుంది. మణికట్టు తిప్పి చూసుకుంది. అప్పుడు నా వైపు చూసింది.

"నువ్వు సెప్పినట్టే ఉంది మౌసీ," అంది.

లేచి పరికిణీ దులుపుకోబోయి, పరికిణీ లేదని గుర్తొచ్చి, వరస చివర్న నిలబడ్డానికి పరిగెత్తింది. నేను నోట్లోంచి కొంగు తీశాను. పళ్ల గుర్తులు పడ్డాయి.